బొంత మీది, తిట్టు మాది

తెలుగులో ఒక తిట్టుంది. పింజారీ. పిసినారితనానికైనా, లేకితనానికైనా, నీచత్వానికైనా ఆ మాట చెల్లుతుంది. సినిమాల్లో నవ్వు కోసం వాడారు. కథల్లో పాత్రోచితం అన్న పేరుతో వాడారు. అభ్యుదయం మాట్లాడే నోటికి కూడా కోపమొస్తే ఆ మాటే వస్తుంది. అన్నవాళ్లలో చాలామందికి దాని అర్థం తెలియదు. పింజారీ అంటే దూదిని పింజలు పింజలుగా విడదీసేవాడు, దూదేకులవాడు. అది మా తాతముత్తాతలు చేసిన పని పేరు. మా కులం పేరు.

ఆ తిట్టు తిట్టినవాళ్లు ఎవరి పరుపుల మీద పడుకున్నారు? పురిటిబిడ్డ కింద వేసిన మెత్తటి బొంతలో దూది ఎవరు ఏకారు? కూతుర్ని కాపురానికి పంపేటప్పుడు సారెతోపాటు బండెక్కించిన పరుపు, దిండ్లు ఎవరు కుట్టారు? మంచం పట్టిన ముసలమ్మ ఒళ్లు ఒరుసుకుపోకుండా కాపాడిన పరుపు ఎవరిది? తెలుగు ఊళ్లలో ఈ పనుల్లో చాలా భాగం దూదేకులవాళ్ల చేతులమీదుగానే జరిగింది. పని వాకిట్లోకి వచ్చింది, పరుపు పడకగదిలోకి వెళ్లింది, పేరు మాత్రం తిట్లలో చేరింది.

బొంత గురించి ఇప్పుడు కళాభిమానులు ముచ్చటగా మాట్లాడుతున్నారు. రంగుల గురించి, కుట్టు గురించి, పాతబట్టకి కొత్త ప్రాణం పోయడం గురించి. మంచిదే. కానీ బొంత చరిత్ర చెప్పాలంటే పైబట్ట దగ్గర ఆగిపోతే చాలదు. లోపలి దూది దగ్గరికి రావాలి. ఆ దూది చరిత్రే మా చరిత్ర.

ముందు మా పేర్ల సంగతి. ఆంధ్రలో మమ్మల్ని దూదేకులవాళ్లు అంటారు, నూర్‌బాషాలు అంటారు. రాయలసీమలోనూ కన్నడదేశంలోనూ పింజారులంటారు. కొన్నిచోట్ల లద్దాఫ్‌లంటారు. అరబ్బీలో నద్దాఫ్ అంటే దూది ఏకేవాడు. ఆ నద్దాఫే మన నోళ్లలో లద్దాఫ్ అయింది. ఉత్తరాదిలో ఇదే పని చేసినవాళ్లు ధునియాలు. వాళ్లు తమని మన్సూరీలని చెప్పుకుంటారు. ఆ పేరు వెనక ఒక గొప్ప మనిషి ఉన్నాడు. 922లో బాగ్దాద్‌లో మరణశిక్షకు గురైన సూఫీ మన్సూర్ హల్లాజ్. హల్లాజ్ అన్నా అరబ్బీలో దూది ఏకేవాడనే అర్థం. 'నేనే సత్యం' అన్నాడని లోకం చెప్పుకునే ఆ మనిషిని చరిత్ర మా పని పేరుతోనే గుర్తుపెట్టుకుంది. రాజస్థాన్‌లో 1603లో చనిపోయిన భక్తకవి దాదూ దయాళ్ కూడా దూదేకే కుటుంబంలోనివాడేనని పండితుల్లో చాలామంది అంటారు. మన కడప సీమలో పోతులూరి వీరబ్రహ్మేంద్రస్వామికి ప్రియశిష్యుడైన సిద్దయ్య దూదేకుల బిడ్డ. ముడుమాలలో ఆయన మఠం ఈనాటికీ ఉంది. బాగ్దాద్ నుంచి ముడుమాల దాకా ఈ పని చేసినవాళ్లలోంచి ప్రశ్నించే మనుషులు పుట్టారు. దీన్ని యాదృచ్ఛికం అనుకునేవాళ్లు అనుకోవచ్చు. చిక్కుపడ్డదాన్ని విడదీయడమే రోజంతా పనైనవాడికి ఆలోచన కూడా అదే దారి పడుతుందని మేము అనుకుంటాం.

ఇక విల్లు సంగతి. పత్తి ఈ నేలకి కొత్తకాదు. సింధు నాగరికత కాలం నాటికే ఇక్కడ నూలుబట్ట ఉంది. కాకతీయుల కాలంలో మోటుపల్లి రేవు దాటిపోయిన సన్నబట్టను మార్కోపోలో సాలెగూడుతో పోల్చాడు. కాబట్టి పత్తి పని మేమే నేర్పామని గొప్పలు పోవడం లేదు. అయితే పత్తిని ఏకే పద్ధతిలో ఒక మార్పు వచ్చింది. కర్రలతో, చేతులతో విడదీసే చోటుకి విల్లు వచ్చింది. నారి కట్టిన ఈ విల్లు 13, 14 శతాబ్దాల్లో పడమటి ఇస్లామిక్ దేశాల నుంచి ఇక్కడికి వచ్చి విస్తరించిందని చరిత్రకారుడు ఇర్ఫాన్ హబీబ్ 1969లో వాదించాడు. రాట్నం విషయంలోనూ ఆయన వాదన అదే. ఈ దేశంలో రాట్నం గురించి స్పష్టంగా కనిపించే తొలి ప్రస్తావన 1350లో దక్కనులో, బహమనీల ఆశ్రయంలో ఇసామీ రాసిన ఫారసీ కావ్యంలో ఉందని చూపించాడు. ఈ వాదనని ఒప్పుకోని పండితులూ ఉన్నారు. విల్లు అంతకుముందే ఇక్కడ ఉందనేది వాళ్ల మాట. కానీ ఒక విషయంలో తగాదా లేదు. దేశంలో ఎక్కువచోట్ల ఆ విల్లు పట్టినవాళ్లు ముస్లింలే.

ముస్లిం అనగానే కత్తి పట్టుకుని గుర్రం మీద వచ్చినవాడి బొమ్మే పాఠ్యపుస్తకాలు మన కళ్లముందు పెట్టాయి. దూదేకే విల్లు పట్టుకుని ఊరూరా నడిచినవాడి బొమ్మ ఏ పాఠంలో చూశాం? ఈ విల్లుకి బాణం లేదు. 'ఏకులా వచ్చి మేకులా తగులుకున్నట్టు' అని తెలుగులో సామెత. ఏకు అంటే ఏకిన దూదితో చుట్టిన మెత్తటి వత్తి. ఆ ఏకుని తయారుచేసినవాళ్లమే మేము. ఈ నేల మీద పుట్టి, ఈ నేల పత్తినే ఏకుతూ బతికిన మమ్మల్ని ఎక్కణ్నుంచో వచ్చి దిగబడ్డ మేకులుగా ఎప్పుడు లెక్కగట్టారు? ఆ లెక్క వేసినవాళ్లే చెప్పాలి.

ఆ విల్లు ఎలా పనిచేసేదో ఈ తరం పిల్లలు చూసి ఉండరు. మనిషి ఎత్తుకి అటూఇటూగా ఉండే బరువైన కొయ్య. దానికి మేక పేగుతో పేనిన నరం బిగించి ఉంటుంది. గింజ తీసిన పత్తిని కుప్పపోసి, విల్లుని ఎడమచేత్తో పట్టుకుని, లేదా పైనుంచి తాడుతో వేలాడదీసి, నరాన్ని దూదిలోకి దించుతారు. కుడిచేతిలో కొయ్యగూటం. గూటంతో నరాన్ని కొడితే అది ఝుమ్మని మోగుతుంది. ఆ అదురుకి చిక్కుపడ్డ పోగులు విడిపోయి పైకి లేస్తాయి. నలకలు, మట్టి, చితికిన గింజలు కిందికి రాలతాయి. ఏళ్లతరబడి ఒంటి బరువుకి అణిగి గట్టిపడిన పాత పరుపులో దూది కూడా ఆ దెబ్బకి మళ్లీ మెత్తబడుతుంది. దెబ్బ గట్టిగా పడితే పోగు తెగుతుంది. మెల్లగా పడితే చిక్కు వీడదు. నరం దూదిలో ఎంత లోతుకి దిగాలో చెవే చెబుతుంది. మోత మొద్దుగా ఉంటే ఇంకా చిక్కుంది. మోత తేటపడితే దూది విడిపోయింది.

అందుకే దూదేకులవాళ్లలో చాలామంది సంగీతంలోకి వెళ్లారంటే మాకు ఆశ్చర్యం కలగదు. ఆంధ్రదేశంలో గుళ్లలోనూ పెళ్లిళ్లలోనూ నాదస్వరం వాయించిన కుటుంబాల్లో దూదేకులవాళ్లు ఎందరో. దేవుడి ఊరేగింపు ముందు నడిచి వాయించారు. వాయిద్యానికి గుళ్లో చోటుంది. వాయించినవాడి ఇంట్లో మంచినీళ్లు తాగడానికి మాత్రం చాలామంది జంకారు.

దూది ఏకడం సగం పనే. మిగతా సగం కుట్టు. రజాయి కుట్టేవాళ్లు ముందు పైబట్టని, లోపలిబట్టని తిరగేసి మూడువైపులా కుట్టి సంచిలా చేస్తారు. దాన్ని నేలమీద పరిచి, పైన ఏకిన దూదిని పొరలు పొరలుగా పేరుస్తారు. అంచుల దగ్గర ఒత్తుగా, మధ్యలో సమంగా. ఆ తర్వాత దూదితో సహా గుడ్డని చాపలా చుట్టి, తెరిచి ఉన్న మూతిలోంచి లోపలివైపు పైకొచ్చేలా తిప్పుతారు. చూసేవాళ్లకి గారడీలా ఉంటుంది. పైనున్న దూది మొత్తం చెదరకుండా లోపలికి వెళ్లిపోతుంది. సన్నటి బెత్తంతో పైనుంచి తడుతూ ఉంటే ఎక్కువైనచోట దూది తక్కువైనచోటికి జరుగుతుంది. తర్వాత టాకాలు. పరుపుకైతే దబ్బనంతో, రజాయికైతే సూదితో, వేలికి అంగుస్తానా తొడుక్కుని. బయటి అంచు నుంచి లోపలికి గడిలో గడిగానో, ఐమూలగా అడ్డగళ్లుగానో కుట్టు నడుస్తుంది. కుట్టు అందం కోసం మాత్రమే కాదు. కుట్టు లేకపోతే దూది ఒకమూలకి జారి ఉండలు కడుతుంది. ఇక్కడ అందం, అవసరం ఒకే దారంతో నడిచాయి. జైపూర్‌లో అరచేతిలో ఇమిడేంత పల్చగా మడతపడే రజాయిల్ని చూసి అందరూ మెచ్చుకుంటారు. ఆ తేలికదనమంతా దూది ఏకడంలో ఉంది. ఆ పనిలో పేరుపడ్డవాళ్లు అక్కడి మన్సూరీలు.

బొంత దారి వేరు. రజాయి కొత్తబట్టతో, కొత్తదూదితో కుట్టేది. బొంత పాతబట్టలది. చిరిగిన చీరలు, పంచెలు, లంగా ముక్కలు పొరలుగా పరిచి, దగ్గరదగ్గరగా టాకాలు వేసి ఆడవాళ్లు కుట్టేది. బొంత కుట్టని కులం తెలుగునాట లేదేమో. మా ఇళ్లలో ఆడవాళ్లు తమ ఇంటికే కాదు, కూలికి కూడా కుట్టారు. మగవాడు విల్లు భుజానేసుకుని ఊళ్లు తిరిగితే, ఆడమనిషి ఇంట్లో కూర్చుని గలీబులు కుట్టింది, బొంతలు కుట్టింది, దూది నలకలు ఏరింది. దూదేకుల కులవృత్తి గురించి రాసిన కాసిని మాటల్లోనూ ఆమె కనిపించదు. విల్లుకి మోత ఉంది కాబట్టి ఊరు విన్నది. సూదికి మోత లేదు.

ఈ కుట్టు మన ఒక్కచోటిది కాదు. బెంగాల్లో కాంతా, బీహార్లో సుజని, సింధులో రల్లీ, ఉత్తర కర్ణాటకలో కౌది. మతాలకి అతీతంగా ఆడవాళ్లు కుట్టినవే అన్నీ. 1929లో బెంగాలీ కవి జసీముద్దీన్ రాసిన నక్షీ కాంథార్ మాఠ్ కావ్యంలో ఒక ముస్లిం రైతుబిడ్డ తన బతుకునంతా కాంతా మీద కుడుతుంది. గురుసదయ్ దత్ ఊళ్లు తిరిగి కాంతాలు సేకరించాడు కాబట్టి అవి మ్యూజియంకి ఎక్కాయి. ఉత్తర కన్నడ జిల్లా అడవుల్లో ఉండే సిద్దీలు ఆఫ్రికా నుంచి బానిసలుగా, సైనికులుగా వచ్చినవాళ్ల వారసులు. వాళ్లలో హిందువులు, ముస్లింలు, క్రైస్తవులు ఉన్నారు. ముగ్గురూ కవంద్ కుడతారు. నాలుగుమూలలా మడతపెట్టిన గుడ్డముక్కలతో పువ్వులు కుట్టకపోతే ఆ కవంద్ బట్టల్లేని మనిషిలాంటిదని వాళ్ల భావన. హెన్రీ డ్రూవల్ అనే అమెరికన్ కళాచరిత్రకారుడు శ్రద్ధపెట్టి రాశాక ఆ కవందులు ప్రదర్శనశాలలకి వెళ్లాయి. మన తెలుగు బొంతకి అలాంటి గది ఏ మ్యూజియంలోనూ మేము చూడలేదు.

అలాగని తెలుగుతీరపు బొంతకి విలువ కట్టినవాళ్లు లేకపోలేదు. గోల్కొండ సుల్తానుల కాలంలో మచిలీపట్నం రేవుకి డచ్చివాళ్లు 1605లో, ఇంగ్లీషువాళ్లు 1611లో వచ్చారు. కలంతో రంగులద్దిన బట్టలకోసం ఎగబడ్డారు. వాళ్లు కొన్న సరుకుల్లో రంగులద్దిన బొంతలు కూడా ఉన్నాయి. పలంగ్‌పోష్ అంటే మంచం మీద కప్పేది. ఆ మాటనే వాళ్లు పాలంపోర్ అని పలికారు. ఈ బట్టల వరద తట్టుకోలేక ఫ్రాన్సు 1686లో అద్దకం బట్టల్ని నిషేధించింది. ఇంగ్లండు 1700లోనూ 1721లోనూ చట్టాలు చేసింది. లండన్ మ్యూజియంలలో ఇప్పుడు ఆ పాలంపోర్‌లు అద్దాల వెనక ఉన్నాయి. రంగు గురించి పుస్తకాలున్నాయి, ఓడల గురించి లెక్కలున్నాయి. ఆ బొంతల్లో దూది ఏకి కూరినవాళ్ల పేర్లు మాత్రం కనిపించవు. దూది ఎప్పుడూ లోపలే ఉంటుంది. బొంత బాగుందంటే పైబట్టనే చూస్తారు.

ఇంత పని చేసినవాళ్లని ఊరు ఏమని పిలిచింది? 'తురకలు లేని ఊళ్లో దూదేకులవాడే ముల్లా' అంది. ఈ సామెతలో రెండు దెబ్బలున్నాయి. ఒకటి, వీడు అసలు తురక కాడు అని. రెండు, గతిలేక వీడికి గౌరవం ఇస్తున్నాం అని. ఈ సామెతని హిందువులే కాదు, పెద్దింటి ముస్లింలు కూడా మా మీద వాడారు. మాకు ఉర్దూ సరిగ్గా రాదన్నారు. మా ఇళ్లలో తెలుగు మాట్లాడతామన్నారు. పీర్ల పండక్కి గుండం చుట్టూ తిరుగుతామన్నారు. సయ్యదులు, పఠాన్లు మా ఇంటి పిల్లని చేసుకోవడానికి వెనకాడారు. ఇస్లాంలో కులం లేదని మసీదులో విన్నాం. బయట పెళ్లి సంబంధాల దగ్గర కులాన్ని చూశాం. ప్రళయం రోజున పర్వతాలు ఏకిన ఉన్నిలా ఎగిరిపోతాయని ఖుర్‌ఆన్ పోలిక చెబుతుంది. ఏకేవాడి పని అల్లా గ్రంథంలో అంత పెద్ద పోలికకి పనికొచ్చింది. అల్లా పేరు చెప్పుకునే పెద్దమనుషుల పక్కన కూర్చోడానికి పనికిరాలేదు.

తెల్లదొరల లెక్కలకీ మేము చిక్కుముడే అయ్యాం. 1909లో ఎడ్గర్ థర్‌స్టన్ దక్షిణభారత కులాల గురించి ఏడు సంపుటాలు వేశాడు. అందులో దూదేకులవాళ్లని ముస్లింలుగానే లెక్కవేసి, హిందూ ఆచారాలు చాలా పాటిస్తారని రాశాడు. ఎవరి ఆచారం ఎవరిది? పసుపు, తోరణం, పీరు, జెండా, ఇవన్నీ ఈ ఊరివి. ఈ ఊళ్లో పుట్టాం కాబట్టి మావి కూడా. సగం హిందువులు, సగం ముస్లింలు అని మమ్మల్ని కొలిచినవాళ్లు మనిషిని తక్కెడలో పెట్టారు. మేము సగంసగం మనుషులం కాదు.

స్వతంత్రం వచ్చాక ప్రభుత్వం కూడా మమ్మల్ని గుర్తుపట్టడానికి మా పనినే ఆధారం చేసుకుంది. 1970లో అనంతరామన్ కమిషన్ నివేదిక తర్వాత వెలువడిన వెనకబడిన కులాల జాబితాలో 'బి' గ్రూపులో దూదేకుల, లద్దాఫ్, పింజారీ, నూర్‌బాషా పేర్లు ఎక్కాయి. పింజారీ అన్న మాట తిట్టుగా కాక ఒక హక్కుగా అచ్చయింది అప్పుడే. 2007లో ఇతర ముస్లిం వెనకబడిన వర్గాలకి 'ఇ' గ్రూపు ఏర్పడింది. మేము 'బి'లోనే ఉన్నాం. ముస్లింలలో కులాలున్నాయని, వెనకబాటు మతాన్నిబట్టి మాత్రమే కాక చేసే పనినిబట్టి, ఊరు ఇచ్చే గౌరవాన్నిబట్టి ఉంటుందని చెప్పడానికి మాకంటే పెద్ద సాక్ష్యం ఏం కావాలి?

ఆ జాబితాలో పేరైతే నిలిచింది, పని నిలవలేదు. మొదట దూది ఏకే మిషన్లు వచ్చాయి. విల్లు చేసే పొద్దుటినుంచి సాయంత్రం దాకా పనిని మిషన్ గంటల్లో తేల్చేసింది. మిషన్ కొనగలిగినవాళ్లు కొట్టు పెట్టుకున్నారు. కొనలేనివాళ్లు ఆ కొట్లో కూలికి చేరారు. తర్వాత ఫోమ్ పరుపులొచ్చాయి, పాలియెస్టర్ దూది దిండ్లొచ్చాయి. పానిపట్‌లో పాత ఉన్నిబట్టల్ని చీల్చి, మళ్లీ నూలు తీసి నేసిన చవకరకం కంబళ్లు సంతలకొచ్చాయి. ఫోమ్ పరుపుని ఏకక్కర్లేదు. పాడైతే పారేస్తారు. దూదిపరుపు అలా కాదు. రెండేళ్లకోసారి విప్పి, ఏకి, ఎండబెట్టి మళ్లీ కుట్టించుకుంటే తరాలు నడుస్తుంది. ఆ 'మళ్లీ' మీదే మా బతుకు నడిచింది.

పోయిన పనిమీద కన్నీళ్లు పెట్టుకుని దాన్ని తీపిజ్ఞాపకం చెయ్యాలని మేము అనుకోవడం లేదు. ఆ పని ఊపిరితిత్తుల్లోకి దుమ్ము నింపింది. దగ్గు, ఆయాసం దూదేకే ఇళ్లకి వంశపారంపర్యపు ఆస్తుల్లా వచ్చాయి. కనుబొమల మీద, గడ్డం మీద దూది అతుక్కుని వయసులో ఉన్నవాడు కూడా ముసలివాడిలా ఇంటికొచ్చేవాడు. మా పిల్లలు చదువుకుని ఆ విల్లు దించారంటే మాకు సంతోషమే. కానీ విల్లు దిగినా తిట్టు దిగలేదు. మాకున్న పేచీ అది.

ఇంకో మాట. ఈ దేశం రంగురంగుల ముక్కలు కలిపి కుట్టిన బొంతలాంటిదని సభల్లో చెబుతుంటారు. లౌకికవాద మిత్రులకి ఈ పోలిక చాలా ఇష్టం. వాళ్ల మంచి మనసు మీద మాకు అనుమానం లేదు. కానీ బొంత దానంతటదే కలిసిపోదని కుట్టినవాళ్లకి తెలుసు. ముక్క ముక్కకీ సూది గుచ్చాలి. వేలు కూడా గుచ్చుకుంటుంది. ఒకచోట కుట్టు వీడితే దాన్ని వెంటనే పట్టుకోవాలి, లేకపోతే వరసంతా ఊడుతుంది. 1992 డిసెంబర్ 6 తర్వాత ఎన్ని కుట్లు వీడాయో మనమంతా చూశాం. బొంత అందం గురించి ఉపన్యాసం చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. సూది పట్టుకుని కూర్చునేవాళ్లు కావాలి. ఆ పని ప్రతిసారీ మా ఒక్కళ్లమీదే పెడితే, మీరు ప్రశాంతంగా ఉండండి, మీ దేశభక్తి నిరూపించుకోండి అని మాకే చెబితే, అది కలిపి కుట్టడం అవదు.

మేము అడిగేవి పెద్దవేం కావు. ఊళ్లలో అటకల మీద పురుగుపట్టిపోతున్న దూదేకుల విళ్లని తెచ్చి మ్యూజియంలలో నాగలి పక్కన, మగ్గం పక్కన పెట్టాలి. బొంతలు కుట్టిన ముసలమ్మలు బతికుండగానే వాళ్ల కుట్లని, వాళ్ల మాటల్ని రాసిపెట్టాలి. పరుపుల గురించి, బట్టల గురించి పాఠం చెప్పేటప్పుడు పత్తి పండించినవాడి పేరు, నేసినవాడి పేరు చెప్పినట్టే ఏకినవాడి పేరూ చెప్పాలి. రచయితలు పింజారీ అన్న మాటని తిట్టుగా రాసేముందు ఒక్కసారి కలం ఆపాలి. మన భాషలో తిట్లకేం కరువు లేదు. కష్టపడి బతికినవాళ్ల పని పేరు అందుకు అక్కర్లేదు.

మా సంగతి మేము చూసుకుంటాం. మా పిల్లలకి ఆ పేరు దాచిపెట్టుకోమని చెప్పం. ఎవరైనా నువ్వెవరని అడిగితే దూదేకులవాళ్లమని, పింజారులమని, ముస్లింలమని, తెలుగువాళ్లమని తడుముకోకుండా చెప్పమంటాం. నాలుగూ ఒకే బొంతలో ముక్కలు. ఏ ముక్కా చింపి ఇవ్వం.